కోడళ్ల గోడ

“గోరుతో గీకితే ఏమొస్తుంది నాయనా, పిల్లి గోకినట్టు! ఆ కత్తి ఇటివ్వు.”

మెఫ్తూహా పెద్దమ్మ నా చేతిలోంచి కూరలు తరిగే కత్తి లాక్కుని, పక్కింటి సిత్తీ వాళ్ల వాకిలి గోడ అంచున మొన గుచ్చింది. బొటనవేలి గోరంత పెచ్చు ఊడింది. దాన్ని ఎండకు పట్టి, అంచు నా వైపు తిప్పింది.

“పైన ఆకుపచ్చ. పోయిన అరఫా పండక్కి వేసింది. దాని కింద నీలం, సిత్తీ మనవరాలి పెళ్లికి. ఇదిగో, ఈ తెల్లగీత చూడు, ఇందులో రంగే లేదు. కరువొచ్చిన ఏడు. సున్నం దొరకడమే గొప్ప అప్పుడు.”

మా హరార్ ఊళ్లో, పాత కోటగోడ లోపల ఇళ్లకు పండగ ముందు రంగు వేసేది ఆడవాళ్లే. పెద్దమ్మ యాభై మూడేళ్లుగా తన ఇంటికీ, చేతకాని ముసలమ్మల ఇళ్లకూ వేస్తోంది. ఆమెకు చదువు రాదు. గోడ పెచ్చు చేతికిస్తే మాత్రం ఆ ఇంట్లో ఎప్పుడు పెళ్లయిందో, ఎప్పుడు చావొచ్చిందో చెబుతుంది. మూడేళ్లుగా ఆమె వెనకే సందుల్లో తిరుగుతూ నేను అవన్నీ రాసుకుంటున్నాను.

ఈ ఏడు పాత ఇళ్ల జాబితా రాయడానికి సర్కారు తరఫున ఇహ్సాన్ అనే ఇంజనీరమ్మాయి వచ్చింది. నూరేళ్లు దాటాయని తేలిన ఇల్లు జాబితాకెక్కుతుంది. ఎక్కిన ఇంటిని ఎవరూ పడగొట్టకూడదు. కాగితాలేమో ఎవరి దగ్గరా లేవు. ఇహ్సాన్ వారం రోజులు తల పట్టుకుని, చివరికి పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని పెచ్చులు చదవడం నేర్చుకుంది. అలా నలభై ఇళ్లు ఎక్కాయి. కాఫీ ఆకుల టీ తాగుతూ పెద్దమ్మ ఆ సంగతి వచ్చిన వాళ్లందరికీ చెప్పేది, అడిగినా అడక్కపోయినా.

నలభై ఒకటోది ఆమె సొంత ఇల్లు. మరుదులు దాన్ని కూల్చి సిమెంటు మేడ కట్టాలని ఎప్పట్నించో చూస్తున్నారు. జాబితా ఒక్కటే వాళ్లకు అడ్డం.

ఇహ్సాన్ వాకిలి గోడ గీకింది. పెద్ద గది గోడ గీకింది. రెండు చోట్లా రెండే పొరలు, వాటి వెంటనే రాయి.

“అమ్మమ్మా, ఇది కొత్త గోడలా ఉందే.”

“కొత్తదేంటమ్మాయ్! మా మామగారి తాత పుట్టిందీ ఇక్కడే.”

“మరి పాత రంగులేవి?”

గుమ్మంలో నిలబడ్డ సిత్తీ పకపకా నవ్వింది.

“ఎక్కడుంటాయే అమ్మాయ్? మూడేళ్లకోసారి గోడంతా రాయి కనబడేదాకా గీకి, కడిగి, అప్పుడు గానీ కుంచె ముట్టదు ఈవిడ. నేను పాతదాని మీదే పూసేస్తానని బద్ధకపు ముండ అంది నన్ను, పెళ్లిలో, నలుగురిలో! చూడవే మెఫ్తూహా, నా బద్ధకం నూటయాభై ఏళ్లు నిలబడింది. నీ శుభ్రం రెండు పొరలు.”

“నోర్ముయ్యవే. నీ గోడ మీద బల్లి కూడా జారి పడుతుంది.”

అంది గానీ గొంతులో పస లేదు. ఇహ్సాన్ కలం పట్టుకుని ఆగింది. పెద్దమ్మ తలుపు పైన చుట్టి పెట్టిన తివాచీ వైపు, గోడకు వరసగా తగిలించిన బుట్టల వైపు చూసింది. చివరికి లేచి, “కత్తి” అంది నాతో.

పెద్ద గది పక్కన కొత్త కోడలిని ఉంచే చిన్న గది ఉంది. ఆ ఇంటికి ఒక కట్టుబాటు ఉంది. పెద్ద కోడలు అడుగుపెట్టిన వారానికి ఆ గది వెనక గోడకు తనకు నచ్చిన రంగు ఒక్కసారి వేస్తుంది. మళ్లీ కోడలు వచ్చేదాకా ఎవరూ దాని జోలికి పోరు. అత్త రంగు మీద పూయొచ్చు గానీ గీకకూడదు. అన్ని గోడలు గీకిన పెద్దమ్మ ఆ ఒక్క గోడకు ఏనాడూ కత్తి తాకించలేదు.

“రౌదా అత్తా, తిట్టుకోకు. ఇల్లు నిలవాలంటే తప్పడం లేదు,” అని గోడతో చెప్పి, చేతికి అందినంత కింద, చాప చాటున మొన గుచ్చింది.

పెచ్చు వచ్చింది. ఇహ్సాన్ భూతద్దం పెట్టింది. “ఏడే ఉన్నాయి అమ్మమ్మా.”

“ఏడేళ్లు అనుకుంటున్నావా? కోడళ్లను లెక్కపెట్టు తల్లీ. ఈ గులాబి నేను. ఈ పసుపు రౌదా అత్త. ఈ పచ్చ ఆవిడ అత్త జెహరా. ఇదిగో, ఇటుకరంగు, హలీమా. గయ్యాళిదట, అందరూ చెప్పేవాళ్లు. రంగు చూస్తే తెలియడం లేదూ? ఈ నీలం మునీరా. ఆవిడ పెళ్లినాటికి ఈ కోటలో మన ఊరినేలే అమీరే ఉండేవాడట.”

నీలం కింద లేత ఆకుపచ్చ, దాని కింద ఎర్రమట్టి మీద తొలి సున్నం.

ఇహ్సాన్ వేళ్ల మీద తరాలు లెక్క వేసుకుంది. భూతద్దం దించి, పెద్దమ్మ చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది. “నూటయాభై దాటిపోయింది. మీ ఇల్లు ఎక్కింది అమ్మమ్మా.”

“ఎక్కకపోతే ఊరుకుంటానా?” పెద్దమ్మ నడుం నిటారుగా నిలిచింది. “ఒసేయ్ సిత్తీ, నీ గోడలో ఏళ్లున్నాయి. నా గోడలో మనుషులున్నారు.”

“సరేలేవే. నీ గోడ ముందు నా గోడ దిగదుడుపే, ఒప్పుకున్నా. టీ పెట్టు,” అంది సిత్తీ.

ఇహ్సాన్ రాసింది పైకి చదవమంది పెద్దమ్మ. మెఫ్తూహా, రౌదా, జెహరా, హలీమా, మునీరా, మరో ఇద్దరు.

“మరో ఇద్దరేంటి? బస్సులో నిలబడ్డ ప్యాసింజర్లా వాళ్లు?”

“పేర్లు మీకు తెలియవుగా అమ్మమ్మా.”

“నాకు తెలియకపోతే వాళ్లకు పేర్లు లేవా? ఈ గోడ మొదలెట్టిందే వాళ్లు!”

ఇహ్సాన్ ఆ గీత ఖాళీగా వదిలింది. శుక్రవారం కాగితం పైవాళ్లకు పంపాలని, అప్పటిదాకా ఆగుతానని చెప్పింది. పెద్దమ్మ నా వైపు తిరిగింది.

“చెప్పులేసుకో నాయనా. కోట అర్గొబ్ ద్వారం దగ్గర మునీరా పుట్టింటివాళ్ల ముసలమ్మ ఉంది, నఫీసా అని. చెవుడు, గట్టిగా అరవాలి. ఊరికే వెళ్లకు, చక్కెర పట్టుకెళ్లు. మునీరాకు అత్తగారెవరు, ఆవిడకు అత్తగారెవరు, రెండు పేర్లూ అడిగి రాసుకునిరా. గుర్తు రావడం లేదంటే నమ్మకు, కూర్చో. పేర్లు లేకుండా మాత్రం నా గుమ్మం ఎక్కకు.”