మెడలో ఒకే తాళంచెవి

మా ఎదురు వాటా మెకానిక్ మెడలో ఎప్పుడూ ఒక నైలాను తాడు వేలాడుతుండేది. దానికి ఒకే ఒక తాళంచెవి. స్నానానికి వెళ్లినా తీసేవాడు కాదు. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. లిఫ్టు గొయ్యిలోకి దిగేముందు పైన మెయిన్ స్విచ్ కట్టేసి, దానికి తన తాళం తనే వేసుకోవాలి. చెవి దిగినవాడి మెడలోనే ఉండాలి. రెండో చెవి అంటూ ఉంటే పైన ఎవడో ఒకడు తొందరపడి కరెంటు ఇస్తాడట, కిందున్నవాడు ఇక పైకి రాడట. "ఒక తాళం, ఒక మనిషి. అంతే అక్కా," అనేవాడు. మనిషి మంచివాడే గానీ ఆ తాళాల పిచ్చి మాత్రం నాకు మొదటినుంచీ నచ్చలేదు.

నేను బడిపిల్లల యూనిఫాంలు కుడతాను. నా మిషను కిటికీ పక్కన ఉంటుంది. మా భవనం మధ్యలో గాలి కోసం వదిలిన ఖాళీ ఉంది, దానికి అవతల మూడు బారల దూరంలో వాళ్ల బాల్కనీ. అద్దాల తలుపుకి తెర తీసి ఉంటే వాళ్ల హాలంతా, మూల నేల మీదున్న స్టవ్‌తో సహా, కనిపిస్తుంది. చూడకూడదు అనుకుంటాను. చూస్తాను.

అతని భార్యకి నెలలు నిండే రోజుల్లో నా దగ్గరే కూర్చుని పుట్టబోయే బిడ్డకి ఏడాది దాకా సరిపోయేలా చిన్న చిన్న చొక్కాలు కుట్టుకునేది. "మా ఆయన స్టవ్‌కి తాళం బిగించాడొదినా. బిడ్డ ఇంకా కడుపులోనే ఉంది, ఈయనేమో అప్పుడే జైలు కట్టేశాడు," అని పడీ పడీ నవ్వేది. స్టవ్‌కే కాదు, బాత్రూముకి, మందుల అలమరకి, బాల్కనీ తలుపుకి కూడా నొక్కితే పడిపోయే ఇనప తాళాలే పెట్టాడు. ఆఖరికి వీధి తలుపుకి కూడా అటూ ఇటూ చెవితో తెరుచుకునే తాళం బిగించాడు. అన్నీ అతని మెడలోని ఆ ఒక్క చెవితోనే తెరుచుకునేవి. బిడ్డ పుట్టిన తొమ్మిదో రోజున తల్లికి జ్వరం పట్టుకుంది. పన్నెండో రోజున ఆసుపత్రి నుంచి అతనొక్కడే వచ్చాడు. భుజాన పసిది, మెడలో తాడు.

పది నెలలు ఒంటి చేత్తో పెంచాడు. కాదనను. పొద్దున్నే లేచి పాలు పట్టి, నీళ్లు పోసి, బట్టలు తొడిగి, పిల్లని చంకనేసుకుని ఇల్లంతా ఒక చుట్టు చుట్టేవాడు. తాళం తాళం దగ్గరా ఆగి నొక్కి, లాగి చూసేవాడు. చివరికి వీధి తలుపు కూడా వేసి, పిల్లని శిశు సంరక్షణ కేంద్రంలో దింపి పనికి పోయేవాడు. కంటిని నమ్మకూడదు, చేత్తో లాగి చూడాలి అన్నది కూడా అతని నియమాల్లో ఒకటి. పిల్ల పాకడం మొదలుపెట్టాక ఉన్నచోట ఉండకుండా గిరగిరా తిరిగేది. అందుకే అందరం బొంగరం అనేవాళ్లం.

ఆ బొంగరం పొద్దుట పూట ఏడ్చేది. తండ్రి స్నానానికో, బట్టలు ఉతకడానికో వెళ్లినప్పుడు గుక్కపట్టి ఏడ్చేది. ఆ ఏడుపు సరాసరి నా మిషను మీదికి వచ్చి పడేది. ఒకరోజు కాలరు కుడుతుంటే సూది నా వేలి మీదికి వచ్చింది. నాకు ఒళ్లు మండింది. చనిపోయిన అమ్మాయి ఎప్పుడో ఇచ్చిన నెంబరు వెతికి వాళ్లమ్మకి ఫోన్ చేశాను. "పిల్ల చిక్కిపోతోందండీ. మగాడు ఎంతకని చూస్తాడు?" అన్నాను. పిల్ల చిక్కలేదు. ఆ మాట నేను కల్పించిందే.

ఆవిడ బుధవారం దిగింది. దిగీ దిగగానే ఆదివారం రైలుకి పిల్లని తీసుకుపోతానంది. అతను రెండు రోజులు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. అవునని గానీ కాదని గానీ అనలేదు. శుక్రవారం సాయంత్రం మాత్రం మాటా మాటా పెరిగింది. కిటికీలోంచి నాకు ప్రతి ముక్కా వినపడింది.

"గుక్కెడు నీళ్లు కాచుకోవాలంటే నీ మెడ వంక చూడాలి. ఇది ఇల్లా, జైలా?" అంది అమ్మమ్మ.

"పిల్లకి దెబ్బ తగలకూడదని అత్తయ్యా."

"నా కూతురికి ఏ తాళం వేశావు మరి?"

అతను లేచి వెళ్లి స్టవ్ తాళం తీసి పెట్టాడు.

శనివారం పొద్దున అతను పనికి వెళ్లక తప్పలేదు. పిల్ల హాల్లో చాప మీద నిద్రపోతోంది, అమ్మమ్మ చూసుకుంటుంది. అత్తా అల్లుళ్లకి మాటల్లేవు. ఆవిడ పిల్ల గుడ్డలు ఉతికి బాల్కనీలో ఆరేస్తోంది. తీగ మీద వేసిన దుప్పటి వెనకాల వంగి బకెట్లోంచి గుడ్డలు తీస్తోంది. రేపు పిల్ల ఉండదన్న ఆలోచనతో అతని బుర్ర పని చెయ్యడం లేదు. చేతులు మాత్రం రోజూ చేసే పని చేసుకుపోయాయి. స్టవ్, అలమర, బాత్రూము, బాల్కనీ. నొక్కి, లాగి చూసి, వీధి తలుపు కూడా వేసి వెళ్లిపోయాడు. పనిలో అయితే తాళం వేసేముందు "ఎవరన్నా ఉన్నారా" అని మూడుసార్లు కేకేస్తారట. ఇంట్లో ఆ కేక అలవాటు లేదు. పది నెలలుగా ఆ ఇంట్లో జవాబిచ్చే మనిషే లేదు.

అతను వెళ్లిన అరగంటకి నేను తలెత్తేసరికి, గుడ్డలన్నీ ఆరేసిన ఆవిడ అద్దాల తలుపుని రెండు చేతులా లాగుతోంది. ముందు నాకు నవ్వొచ్చింది. పెద్దమ్మ కూడా జైల్లో పడిందే అనుకున్నాను. అప్పుడు లోపల చాప మీద బొంగరం లేచి కూర్చుంది.

పరుగెత్తి వరండాలోకి వెళ్లాను. వీధి తలుపుకి తాళం. అతనికి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. గొయ్యిలోకి దిగేవాళ్లు ఫోన్ పైన పెట్టెలో పడేసి దిగుతారు. కంపెనీకి చేశాను. "దిగున్నాడమ్మా. మనిషిని పంపి పిలిపిస్తాం. అరగంట పైన పడుతుంది," అన్నాడు అక్కడి గుమాస్తా. ఆ కుర్చీలో కూర్చుని అరగంట అనడం ఎంత తేలికో.

కింది అంతస్తులో వడ్రంగి ఉన్నాడు. సుత్తి, ఉలి పట్టుకుని వచ్చాడు. మొదటి దెబ్బ వేశాడో లేదో కిటికీ వైపు నుంచి అమ్మమ్మ కేక వినపడింది. "ఆపమను. ఆపమనమ్మాయ్."

వెళ్లి చూశాను. అప్పటిదాకా పిల్ల అద్దానికి ముక్కు ఆనించి, అవతల అమ్మమ్మ దాగుడుమూతలు ఆడిస్తుంటే నవ్వుతూ కూర్చుందట. సుత్తి చప్పుడుకి బెదిరి గిరుక్కున తిరిగి గది మధ్యకి పాకిపోయింది. గది మధ్యలో పొట్టి పీట, పీట మీద అమ్మమ్మ చేతిసంచి.

"అద్దం పగలగొట్టు పెద్దమ్మా," అన్నాను.

"మళ్లీ ఇటే వస్తుంది. పెంకులు దాని మీదే పడతాయి." ఆవిడ సంచి వైపు వేలు చూపింది. "సంచిలో నా బీపీ మాత్రలున్నాయి. సీసా మూత నాకు తిరగదని వదులుగా పెట్టుకుంటాను."

వెనక్కి పరుగెత్తి వడ్రంగి చెయ్యి పట్టుకుని ఆపి, మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చాను. ఫోన్ ఇంకా నా చేతిలోనే ఉంది. ఆ ఫోన్‌తోనే కదా ఈ ఆవిడని ఇక్కడికి రప్పించాను. నేను నోరు మూసుకుని ఉంటే ఆ సంచి ఈ ఇంట్లో ఉండేదా? అప్పుడు నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ పోలేదు.

బొంగరం ముందు స్టవ్ దగ్గరికి వెళ్లింది. తాళం లాగింది, రాలేదు. బాత్రూము తలుపు తట్టింది, కదల్లేదు. అలమర దగ్గర కాసేపు ఆగింది. అమ్మమ్మ అద్దంలోంచి అంతా చూస్తోంది. ఆ ఇంట్లో పిల్ల చెయ్యి పెట్టగలిగిన ప్రతి చోటా తండ్రి చెయ్యి ముందే పడింది. చివరికి పిల్ల పీట దగ్గరికి వచ్చి సంచి పట్టుకు లాగింది.

దువ్వెన పడింది. కళ్లజోడు పెట్టె పడింది. సీసా పడి దొర్లింది. పిల్ల దాన్ని తీసి ఊపితే గలగలమంది. ఆ చప్పుడు నచ్చి ఇంకోసారి ఊపింది. మూత ఊడి గులాబి రంగు మాత్రలు చాపంతా చెల్లాచెదురయ్యాయి.

నేను అరవబోయాను. అమ్మమ్మ వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి నన్ను ఆపింది. పిల్ల ఒక మాత్రని రెండు వేళ్లతో ఏరి కళ్ల ముందు పెట్టుకుని చూస్తోంది. ఆవిడ మోకాళ్ల మీద కూలబడి, అద్దానికి ముఖం ఆనించి, నోరు బార్లా తెరిచింది.

"అమ్మమ్మకేదీ? అమ్మమ్మకి పెట్టవా? ఆఁ..."

ఆ మాట ఎంత మామూలుగా అందో నేను చెప్పలేను. పక్కన కూర్చుని అడుగుతున్నట్టే అంది. ఆ రెండు రోజులూ పిల్లకి తిండి పెడుతూ ఆవిడ నేర్పిన ఆట అది. పిల్ల చేతిలో ఏముంటే అది అమ్మమ్మ నోట్లో పెట్టాలి, అమ్మమ్మ "ఆమ్" అనాలి. బొంగరం మాత్ర వంక చూసింది, అద్దం వంక చూసింది. నోటి దాకా వచ్చిన చెయ్యి దిగింది. పాక్కుంటూ వచ్చి అద్దం మీద అమ్మమ్మ నోరున్న చోట మాత్రని పెట్టి నొక్కింది.

"ఆమ్. ఎంత బాగుందో. ఇంకోటేదీ?"

పిల్ల నవ్వింది. మాత్రని అక్కడే వదిలేసి ఇంకోదాని కోసం పోయింది. అలా ఎన్నిసార్లు తిరిగిందో. పోయిన ప్రతిసారీ నేను కిటికీ ఊచలు పట్టుకుని దాని చెయ్యే చూశాను. అమ్మమ్మ కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, గొంతులో మాత్రం నవ్వే ఉంది. అద్దం అడుగున గులాబి మాత్రల చిన్న గుట్ట పేరుకుంది. మధ్యలో ఒకసారి పిల్ల విసుగొచ్చి మాత్రని చెంపకి రాసుకుంది. ఆవిడ "ఆకలే, ఆకలే" అని పొట్ట కొట్టుకుంది. మళ్లీ వచ్చింది బొంగరం.

మెట్ల మీద బూట్ల చప్పుడైతే వరండాలోకి పరుగెత్తాను. అతను ఒంటి నిండా గ్రీజుతో వచ్చాడు. మెడలో తాడు తియ్యబోతే చిక్కుపడింది. తలుపుకే మెడ ఆనించి, అలాగే తాళం తీశాడు.

పిల్లని నాకందించి, నోట్లో వేలు పెట్టి చూడమన్నాడు. చూశాను. ఏమీ లేదు. బాల్కనీ తలుపు తీశాడు. అమ్మమ్మ లేవలేదు, లేవబుద్ధి కాలేదేమో, మోకాళ్ల మీదే లోపలికి వచ్చి మాత్రలు ఏరడం మొదలుపెట్టింది. "పొద్దున ఒకటి వేసుకున్నాను. ఇరవై మూడుండాలి," అంది. ఇద్దరూ కలిసి ఏరారు. ఇరవై రెండే ఉన్నాయి. చాప దులిపారు. పీట ఎత్తారు. అతను లేచి నిలబడ్డాడు. "ఆసుపత్రికి పోదాం," అన్నాడు. నేను పిల్లని భుజం మార్చుకోబోతే, దాని మోకాలికి చెమటతో అంటుకుని ఉంది ఇరవై మూడోది.

అతను పిల్ల చొక్కాలు ఒక్కొక్కటే మడతపెట్టి ఆవిడ పెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు. అవి వాళ్లమ్మ నా దగ్గర కూర్చుని కుట్టినవి.

"తీసుకెళ్లండి అత్తయ్యా. నా వల్ల కాదు. నా చేత్తోనే వేశాను తాళం."

అమ్మమ్మ పెట్టె దగ్గరికి వచ్చి కూర్చుంది. అతను పెట్టిన చొక్కా తీసి బయట పెట్టింది. ఇంకోటి తీసింది.

"స్టవ్ దగ్గరికి పోయింది, బాత్రూము దగ్గరికి పోయింది, అన్నీ చూశాను. ఈ ఇంట్లో తాళం లేనిది నా సంచికొక్కదానికే బాబూ." మూడో చొక్కా తీస్తూ అంది, "నిన్న నేనన్న మాట నా నోట రావాల్సింది కాదు. నా కూతురు పోయిందన్న కడుపుమంట నీ మీద కక్కాను. పిల్ల నీ దగ్గరే ఉంటుంది. ఆ ఒక్క చెవి పద్ధతి మాత్రం మానెయ్యి. అది మిషన్లకి బాగుంటుందేమో, ఇంటికి పనికిరాదు."

అతను తల కిందికి వేసుకుని ఏడ్చాడు. పది నెలల్లో అతను ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆదివారం రైలుకి ఆవిడ ఒక్కతే వెళ్లింది. సాయంత్రం అతను మా తలుపు తట్టాడు. చేతిలో కొత్త తాళంచెవి, అంచులింకా మెరుస్తున్నాయి.

"ఇది నీ దగ్గర ఉంచక్కా."

"నా దగ్గరెందుకు?" అన్నాను. అతని ముఖం చూడలేకపోయాను.

"అత్తయ్యకి ఫోన్ చేసింది నువ్వేనని ఆవిడ వచ్చిన రోజే తెలిసింది. కోపమొచ్చింది. నిన్నంతా ఆలోచించాను. బొంగరం ఏడుస్తే వినపడేది నీ ఒక్కదానికే."

తీసుకున్నాను. పిల్ల చిక్కిందన్నది అబద్ధమని చెబుదామనుకున్నాను, చెప్పలేదు. అతను వెళ్లిపోయాడు. చెవిని కుట్టుదారం నాలుగు పేటలు చేసి కట్టి మెడలో వేసుకున్నాను.

సోమవారం పొద్దున అతను స్నానానికి వెళ్లినట్టున్నాడు, ఏడుపు మొదలైంది. చొక్కా సగంలో ఉంది. సూది పైకెత్తి, మిషను ఆపి, వెళ్లి తలుపు తీసి పిల్లని ఎత్తుకున్నాను.