తోరణం తెంపిన కారు

ఆదివారమైతే మా మనవడు టీవీలో కార్ల పందెం పెడతాడు. నేనూ పక్కన కూర్చుంటాను. బయలుదేరిన చోటికే మళ్ళీ మళ్ళీ వచ్చే ఆ కార్లను చూస్తే నాకు గానుగెద్దే గుర్తొస్తుంది. గానుగెద్దు తిరిగితే కాస్త నూనైనా వస్తుంది. ఈ మాటంటే వాడికి కోపం. ఈ మధ్య కరెంటుతో నడిచే కారు కొన్నాడు. దాన్ని మాత్రం నేనొక్క మాట అనలేదు. అది చప్పుడు చెయ్యదు, నాకదే చాలు. చప్పుడు చేసే కారొకటి ఒకప్పుడు నా కొంప ముంచబోయింది.

అది యాభైల నాటి మాట. మాది ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో ఒక మెట్ట ఊరు. అంతా నల్లరేగడి. వాన పడితే పంట, లేకుంటే వలస. మాకు రెండు తెల్లటి ఎద్దులుండేవి. వాటిలో ఒకటి, పుట్టగానే తల్లి పోతే, నేను గంజి పోసి సాకిన దూడ. ఇంట్లో ఎవరు పిలిచినా అది చెవి కూడా కదిలించేది కాదు. నేను పిలిస్తే మేత వదిలేసి వచ్చేది.

ఏరువాక పున్నమి నాడు మా ఊళ్ళో ఎద్దుల పరుగు జరుగుతుంది. ఊరివాకిలికి అడ్డంగా నార తాడు కట్టి, వేపరెమ్మలు వేలాడదీస్తారు. రంగులు పూసి, గజ్జెలు కట్టిన ఎద్దులను పొలం నుంచి ఊళ్ళోకి తరుముతారు. ముందుగా తోరణం తెంపింది తెల్ల ఎద్దయితే ఆ ఏడు పత్తి, జొన్న పండుతాయి. ఎర్రదయితే కందులు, కొర్రలు. ఊరి పెద్ద ఆ మాట చెప్పేదాకా ఎవరూ విత్తనం బయటికి తీయరు. నాకు ఆ శకునాల మీద పెద్ద నమ్మకం లేదు. కానీ ఊరందరికీ ఉంది, మా ఆయనకైతే మరీ.

ఆ ఏడు మా ఎద్దే ముందుంది. నేను ఊరివాకిలి దగ్గర నిలబడి గొంతు పోయేలా పిలుస్తున్నాను. ఇంతలో ఎద్దుల వెనక నుంచి హారన్ మోగించుకుంటూ ఒక నల్ల కారు వచ్చింది. ఆదోని పత్తి సావుకారిది. ఇంగ్లండు నుంచి రాలేదు, మన దేశంలోనే తయారైందట. ఊళ్ళ వెంట దాన్ని చూపించుకుంటూ తిరుగుతున్నాడు. ఆ మోతకు ఎద్దులు బెదిరి చెరో దిక్కుకు పరుగెత్తాయి. కారు నేరుగా వచ్చి తోరణం తెంపుకుని ఊళ్ళోకి దూసుకొచ్చింది.

సావుకారి దిగి, కారు ముక్కు మీద వేలాడుతున్న వేపరెమ్మలు చూసి చేతులు జోడించాడు.

"నా కొత్త కారుకు తోరణం కట్టినారా! ఎంత మర్యాద సేసినారప్పా!"

ఊరు ఊరంతా నోరు తెరుచుకుని చూసింది. ఆదోనిలో మిల్లు తెరిచినా, అంగడి తెరిచినా ఆయన చేతే తోరణం తెంపిస్తారు. పాపం, ఇదీ అలాంటిదే అనుకున్నాడు. తర్వాత కారు గొప్పలు మొదలుపెట్టాడు. దాని ఇంజనులో ఎన్నో గుర్రాల బలముందట. మా మామ ముందుకు వంగి చూసి, "మేత యాడ పెడతారు సావుకారీ?" అని అడిగాడు.

నవ్వులు సద్దుమణిగాక అసలు గొడవ మొదలైంది. ముందొచ్చింది నల్లది. మరి ఏ పంట వేయాలి? ఊరి పెద్ద చాలాసేపు గడ్డం గోక్కుని తేల్చేశాడు.

"నల్లది వచ్చినాదంటే ఉలవలేప్పా. ఈ తూరి వాన లేదు. పత్తి జోలికి పోవద్దండి."

ఉలవలు వానలు ఎగ్గొట్టిన ఏడు చల్లుకునే పంట. నేను భయపడ్డట్టే మా ఆయన ఇంటికి రాగానే అన్నాడు. "ఉలవలు సల్లేదానికి ఎద్దులేమిటికి? ఎమ్మిగనూరు సంతకు తోలుతాను. నేను ఆదోని మిల్లులో కూలికి పోతాను."

"నువ్వు యాడికైనా పో. నా ఎద్దు ఈడనే ఉంటాది" అన్నాను.

"నీ ఎద్దా? రేపు సంతలో సూడు" అని పైపంచె దులుపుకున్నాడు.

నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఒక కారు హారన్ కొట్టినందుకు నేను సాకిన బిడ్డను కసాయివాడో, కర్కోటకుడో ఎవడు కొంటాడో ఎవరికి తెలుసు? పెద్ద పిడుగు పడినా సరే, దాన్ని గడప దాటనివ్వనని అప్పుడే అనుకున్నాను.

పిడుగు పడలేదు గానీ వాన పడింది. సావుకారికి ఊరి పెద్ద ఇంట్లో భక్ష్యాలతో భోజనం పెడుతుండగానే కుండపోతగా కురిసింది. తెరిపివ్వగానే ఆయన బయలుదేరాడు. ఊరివాకిలి దాటి నాలుగు బారలు పోయిందో లేదో, కారు రేగడిలో కూరుకుపోయింది. డ్రైవరు ఎంత తొక్కితే చక్రాలు అంత లోపలికి దిగాయి. ఆ కారు చేసినవాళ్ళు రేగడిలో ఒక్కసారైనా కాలు పెట్టి ఉంటే అంత సన్న చక్రాలు పెట్టేవాళ్ళు కాదని నా అభిప్రాయం. ఇప్పటికీ అదే నా అభిప్రాయం.

"గుర్రాలన్నీ యాడికి పోయినాయి సావుకారీ?" అన్నాడు మా మామ.

ఎద్దులు తెమ్మని సావుకారి బతిమాలాడు. జనం దారి వైపు లాగుదామన్నారు. నేను మా ఎద్దులను తోలుకొచ్చి, ముకుతాళ్ళు పట్టుకుని అడ్డం నిలబడ్డాను.

"నా ఎద్దులు ఊర్లోకైతేనే లాగుతాయి. ముందు తోరణం మళ్ళా కట్టండి."

"నీకేమన్నా పిచ్చా?" అన్నాడు మా ఆయన.

"ఊరి వైపు గరుసు నేల, దగ్గర. దారి వైపంతా బురద. కట్టకుంటే కారు ఈడనే మొలకెత్తనీ."

ఊరి పెద్ద కళ్ళు చిన్నవి చేసి నన్ను చూశాడు. నా ఎత్తు ఆయనకు అర్థమైంది. వద్దంటాడనుకున్నాను. మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. సావుకారి పట్టుపంచె మోకాళ్ళ దాకా బురదైంది. "కట్టండప్పా, మీకు దండం పెడతా" అన్నాడు. చివరికి తెగిన తాడునే ముడేసి కట్టారు.

కారును కాడికి కట్టి, నేను ఎద్దులకు ఎదురుగా నిలబడి పిలిచాను. నేను సాకింది మోకాళ్ళ మీద పడింది, లేచింది. దాని జతది కూడా మెడ వంచింది. కారు కదిలింది. నేను వెనక్కి నడుస్తున్నాను, అవి నన్ను చూస్తూ వస్తున్నాయి. తోరణం నా వీపుకు తగలగానే వంగి పక్కకు తప్పుకున్నాను. నా ఎద్దు కొమ్ముతో తాడు తెంపింది. కారు దాని వెనకే, నోరెత్తకుండా ఊళ్ళోకి వచ్చింది.

"ఇప్పుడు సెప్పు పెద్దాయనా, ముందొచ్చింది ఏది?" అన్నాను.

ఆయన చుట్ట తీసి ఉమ్మేసి, "తెల్లదే వచ్చినాది. పత్తి వేసుకోండప్పా" అన్నాడు. మా ఆయన నాగలి కర్రు సరిచేయించడానికి పోయాడు.

ఆ ఏడు పత్తి అంతంతమాత్రమే పండింది. వాన నడుమలో మొహం చాటేసింది. ఉలవలు వేసి ఉంటే బాగుండేదని ఊళ్ళో నలుగురూ అన్నారు, నిజమే కావచ్చు. పత్తి కోసమైతే నేను ఆ బురదలో అంత పంతం పట్టేదాన్నే కాదు. నా ఎద్దు ముసలిదై, పళ్ళన్నీ ఊడి, నా చేతి గంజి తాగుతూ మా పెరట్లోనే పోయింది. ఎమ్మిగనూరు సంత ఎట్లుంటుందో దానికి తెలియనే తెలియదు.