ఇటుక రంగు వచ్చిన నాలుగు రోజులు

నా చిన్నప్పుడు మేమిద్దరం అక్కచెల్లెళ్లం ఒక సీసా కోసం కొట్లాడుకునేవాళ్లం. అందులో ఉండేది మా మేనమామ మూత్రం. చెబితే నవ్వుతారు కానీ, ఆ సీసా చెల్లెలి చేతికి పోయి నాకు దక్కనందుకు నేను పడిన కుళ్లు ఇంతా అంతా కాదు.

మా మామది ఎమ్మిగనూరు. మగ్గాల చప్పుడులో పుట్టి పెరిగిన మనిషి. నేతపని సాగక కువైట్‌కు పోయి ఒక పెద్ద వంటశాలలో కుదిరాడు. అక్కడే ఆయనకు షుగరు పట్టుకుంది. ఆ ఏడు రెండు నెలల సెలవు మీద వచ్చి, బొంబాయి బండిలో ఆదోనిలో దిగి మా ఇంట్లోనే ఉండిపోయాడు. షుగరు సంగతి తెలిసిన డాక్టరు మా ఊళ్లోనే ఉండడం అందుకు కారణం. నాకప్పుడు పదకొండేళ్లు, చెల్లెలికి ఎనిమిది.

వేలు గుచ్చి చూసుకునే మీటర్లు అప్పుడు లేవు. పొద్దున్నే గాజు గొట్టంలో నీలం మందు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, స్పిరిట్ దీపం మీద కాచాలి. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. చక్కెర పెరిగేకొద్దీ ఆకుపచ్చ, పసుపు, నారింజ, అన్నిటికంటే పైన ఇటుక రంగు. ఏ రంగు వచ్చిందో తారీఖు వేసి నోటు పుస్తకంలో రాయాలి. మామ నేతగాడు కాబట్టి ఆ పుస్తకం అట్ట లోపలి వైపు అయిదు రంగుల నూలు పోగులు అంటించుకున్నాడు. పోగులకు ఒకటి నుంచి అయిదు దాకా అంకెలు వేసి, గొట్టాన్ని వాటి పక్కన పెట్టి సరిపోల్చి, భాష రానివాళ్లకూ అర్థమయ్యేలా ఆ అంకే రాసేవాడు.

ఆ పుస్తకమంటే ఆయనకు ప్రాణం. కువైట్‌లో డాక్టర్లకు మన భాష రాదు, మామకు వాళ్ల భాష అంతంతమాత్రం. జొన్నరొట్టె ఎంత మందమో, కొర్రన్నం ఎంత తిన్నాడో వాళ్లకు ఎట్లా చెబుతాడు? తన తరఫున ఈ పుస్తకమే మాట్లాడుతుందని ఆయన నమ్మకం. షుగరు అదుపులో లేదంటే పనిలోంచి తీసేసి వెనక్కి పంపించేస్తారన్న భయం కూడా ఉండేది.

రెండో రోజే మామ మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి నాలుగైదు నూలు పోగులు చూపించి రంగులు చెప్పమన్నాడు. తరగతిలో నేనెప్పుడూ మొదటిదాన్ని. ఆయన అడగడం పూర్తికాకముందే పచ్చ, పసుపు అని గబగబా చెప్పేశాను. చెల్లెలు ఒక పోగును వెలుతురులోకి తీసుకుపోయి చాలాసేపు చూసింది.

"పచ్చ కాదు మామా. పచ్చలో యింత పసుపు కలిసిండాది" అంది.

మామ ముఖం వెలిగిపోయింది. ఆ రోజు నుంచి సీసా, గొట్టం, పుస్తకం దానివి. దాని రాత కోడి కెలికినట్టు ఉండేది. ముత్యాల్లాంటి నా అక్షరాలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. పొద్దున పూట వాళ్లిద్దరూ పెరటి అరుగు మీద తలలు దగ్గరపెట్టి గొట్టంలోకి చూస్తుంటే, నేను వంటింటి గుమ్మంలో నిలబడి జడ అల్లుకుంటున్నట్టు నటించేదాన్ని. మా కీచులాటలు విని పక్కింటి అక్క గోడ మీంచి మా అమ్మతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

"ఉచ్చ సీసా కోసం కొట్లాడే పిల్లోల్లని నేను యాడా సూడలేదు వదినా. నీ కడుపునే పుట్టినారు."

ఆ మాటకు అమ్మ నవ్వింది, మామ నవ్వాడు, చెల్లెలూ నవ్వింది. దాని నవ్వు మాత్రం నాకు గుచ్చుకుంది. చెల్లెలు రాసేదంతా తప్పని మామకు అనిపిస్తే పుస్తకం నా చేతికి వస్తుందని ఒక ఆలోచన పుట్టింది.

పరీక్షకు ముందు చెల్లెలు గొట్టం కడగడానికి తొట్టి దగ్గరికి పోయేది. సీసా ఆ కాసేపు అరుగు మీద ఒంటరిగా ఉండేది. నేను పోయి చిటికెడు పంచదార వేసి వచ్చాను. గొట్టం నీలంగానే ఉంది. మరునాడు ఇంకా ఎక్కువ వేశాను. అయినా నీలమే. పంచదారకు ఆ మందు రంగు మార్చే గుణం లేదనీ, బెల్లంలో ఉండే వేరే చక్కెరలకు ఉందనీ చాలా ఏళ్ల తర్వాత హైస్కూలు పిల్లలకు రసాయన శాస్త్రం చెబుతూ నేనే వివరించాను. ఆ వయసులో అదేమీ తెలియదు. పంచదార పని చేయలేదు కాబట్టి బెల్లం ప్రయత్నించానంతే. ఒక ముక్కను జామెట్రీ బాక్సులో దాచుకుని గోటితో గీకి కలిపాను. గొట్టం కాగుతూనే ఇటుక రంగుకు తిరిగింది.

చెల్లెలు బెదిరిపోయింది. మామ మాత్రం దాన్ని ఒక్క మాట కూడా అనలేదు. రెండో రోజు ఇటుక రంగే, మూడో రోజూ అదే. అన్నం సగం చేసుకున్నాడు, కాఫీ మానేశాడు. చెల్లెలి పొరపాటేమో అని ఇంట్లో ఎవరైనా అంటారని నేను కాచుకుని కూర్చుంటే, ఆయన అమ్మతో అన్నది ఇది: "దాని కన్ను తప్పదక్కా. నా ఒంట్లోనే ఏదో ముదిరినాది." ఆ మాటతో నా కుళ్లు ఇంకా పెరిగింది. నాలుగో రోజు కూడా కలిపాను.

మూడు రోజులు వరసగా ఇటుక రంగు వస్తే సూది మందు నాలుగు గీతలు పెంచుకోమని డాక్టరు ముందే చెప్పి ఉంచాడు. నాలుగో రోజు పొద్దున మామ, తడి ఇసుకలో దాచిన మందు సీసా తీసి, నాలుగు గీతలు ఎక్కువ ఎక్కించుకున్నాడు. ఆ గీతలకూ నేను గీకిన బెల్లానికీ సంబంధముందని నాకు తట్టనే లేదు.

మధ్యాహ్నం కంచాలు పెట్టే వేళకు మామ స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. చొక్కా అంతా చెమటతో తడిసింది. అమ్మను పట్టుకుని "అవ్వా, మగ్గం ఎవురు ఇప్పినారు" అని అడిగాడు. అంటూనే పక్కకు ఒరిగిపోయాడు. ఎండదెబ్బ అనుకుని అమ్మ నీళ్ల కోసం పరుగెత్తింది. చెల్లెలు ఏడుస్తూ నిలబడిపోయింది. మా ఇంటికి వచ్చిన మొదటి రోజే మామ అందరికీ చెప్పిన మాట నాకు గుర్తొచ్చింది: చెమట పట్టి మాట తడబడితే వెంటనే నోట్లో తీపి పెట్టాలి. ఎదురుగా నా జామెట్రీ బాక్సు ఉంది. అందులోని బెల్లం ముక్కను చితక్కొట్టి ఆయన బుగ్గలోకి కొంచెం కొంచెంగా తోశాను. తొందరలో సగం చొక్కా మీదే పడింది. అమ్మ తెచ్చిన నీళ్లలో మిగతాది కలిపి తాగించాం.

కాసేపటికి కళ్లు నిలిపి చూశాడు. లేచి కూర్చుని నాలుగు ముద్దలు తిన్నాడు. తర్వాత ఆయన చూపు మూత తెరిచి ఉన్న జామెట్రీ బాక్సు మీద ఆగింది. కోణమానిని మీద బెల్లం పొడి, మూలల్లో గోటితో గీకిన తురుము. అమ్మనూ చెల్లెలినీ ఏదో పని చెప్పి లోపలికి పంపాడు.

"ఎన్నాళ్ల నుంచి కోడలా?"

నాలుగు వేళ్లు చూపించాను. కొడతాడనుకున్నాను. అమ్మతో చెబుతాడనుకున్నాను. చెల్లెలి ముందు నిలబెడతాడేమో, అదే అన్నిటికంటే భయం. ఆయన నా చేతే పుస్తకం తెప్పించి, ఆ నాలుగు రోజుల వరుసలు తెరిచి, నా చేతికి పెన్ను ఇచ్చాడు.

"నాతో సెప్పొద్దు. దీంట్లో రాయి. డాక్టరు మందు ఇచ్చేది దీన్ని సూసే కదా. దీనికి అబద్ధం సెప్పినావు, దీనికే నిజం సెప్పు."

ఇన్నాళ్లూ నేను కోరుకున్న పుస్తకం ఒళ్లోకి వచ్చింది. నా ముత్యాల అక్షరాలతో మొదటిసారి రాశాను: "ఈ నాలుగు రోజుల రంగు మామది కాదు. చెల్లెలి మీద కుళ్లుతో నేను బెల్లం కలిపాను." మామ ఒకసారి చదివి, నాలుగు వరుసలకూ కలిపి ఒక గీత గీసి, పుస్తకం మూసేశాడు. సూది మందు మళ్లీ పాత గీతకు దించుకున్నాడు.

మరునాడు చెల్లెలు పుస్తకం తెరిచి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. అప్పటి నుంచి గొట్టం కడగడానికి పోయినా సీసాను కూడా వెంట తీసుకుపోయేది. రెండు చేతులతో గుండెకు ఆనించుకుని. మామ ఆ పుస్తకాన్ని నాకు ఎప్పుడూ ఇవ్వలేదు. తిరిగి వెళ్లే రోజు వరకూ అది దానిదే. మంచిదాన్నయిపోయానని చెప్పను, బండి కదిలేదాకా ఏడుపు ఆపుకుంటూ దాని చేతుల వైపే చూశాను.

రెండేళ్ల తర్వాత మామ మళ్లీ సెలవుకు వచ్చి చెప్పిన సంగతి ఇది. అక్కడ మొదటి డాక్టరు పుస్తకం తెరవకుండానే మందు రాశాడట. రెండో ఆయన వేలితో పేజీలు తిప్పి మూసేశాడట. మూడో ఆయన వరుస వెంట వరుస చదువుకుంటూ వచ్చి, గీత గీసిన చోట ఆగి, రంగుల మధ్య ఈ రాత ఏమిటని అడిగాడట. మామకు వచ్చిన నాలుగు ముక్కల్లో చెబితే, నవ్వకుండా విని, ఆ రోజు ఎంత మందు తీసుకున్నావు, ఏం తిన్నావు అని తిరిగి అడిగాడట.

"నీ రాత కాడ ఆగినాడు కోడలా. ఆగిన ఆయప్పే నా డాక్టరు" అన్నాడు మామ.

ఆ ఏడే నేను డైరీ మొదలుపెట్టాను. ఇంతవరకు మానలేదు. ఎమ్మిగనూరు హైస్కూల్లో పనిచేసి రిటైరయ్యాక, నర్సు ఉద్యోగం చేసే మా అమ్మాయి దగ్గరికి ఐర్లండ్ వచ్చాను. ఇక్కడికి వచ్చాక నాకూ షుగరు బయటపడింది. సూది గుచ్చిన ప్రతిసారీ ఎంత వచ్చిందో, ఏం తిన్నానో, ఎంత నడిచానో రాస్తాను. ఇక్కడి మీటరు లెక్క వేరు, పద్దెనిమిదితో గుణిస్తే గానీ మన లెక్కకు రాదు. రెండూ పక్కపక్కనే వేస్తాను. డాక్టరు దొరకడం మాత్రం కష్టమైంది. కొత్తవాళ్లను చేర్చుకోవడం లేదని రెండు చోట్ల తలుపు దగ్గరే చెప్పారు. చేర్చుకున్న ఒకాయన కంప్యూటరు వైపే చూస్తూ బాగానే ఉందన్నాడు. నా పుస్తకం ఆయన బల్ల మీద మూసినట్టే ఉంది.

మా చెల్లెలు ఆదోనిలోనే ఉంది. దానికీ షుగరే. పొద్దున్నే ఫోనులో తన అంకె పంపిస్తుంది. పోయిన నెల ఒకరోజు నూట ఎనిమిది అని పంపింది. ఆ పూట నాది పుస్తకంలో వేస్తుంటే చెయ్యి ఆగింది. పెద్ద అంకె. ఒక అంకె మార్చి రాస్తే అడిగేవాళ్లు లేరు. మార్చలేదు. డాక్టరు చదవాలి కాబట్టి ఇంగ్లీషులో ఇట్లా రాశాను: "పదమూడు పాయింట్ నాలుగు. మన లెక్కలో రెండు వందల నలభై ఒకటి. చెల్లెలి అంకె చూసి ఓర్వలేక రెండు లడ్లు తిన్నాను."

పోయిన వారం కొత్త డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. పుస్తకం తీసుకుని, పెన్ను మూతను వరుస మీద పెట్టి కిందికి దించుకుంటూ వచ్చింది. లడ్ల దగ్గర మూత ఆగింది. తల ఎత్తి, మీ చెల్లెలు మీకంటే చిన్నదా అని అడిగింది. మూడేళ్లు చిన్నదని చెప్పాను. లడ్డు ఎంత ఉంటుందో చేత్తో చూపించమంది. చూపించాను.

ఇంటికొచ్చి ఆ రోజు పేజీలో రాసుకున్నాను: డాక్టరు దొరికింది. చెల్లెలికి ఈ రోజు నూట పదకొండే. కడుపుమంట అట్లాగే ఉంది. లడ్డు తినలేదు.