జీను కింద చెయ్యి

రాజలింగన్న ఇరవై ఎనిమిదేళ్లు బారాత్ గుర్రాన్ని నడిపించాడు. బీర్కూర్ నుంచి పిట్లం దాకా ఎంతమంది పెళ్లికొడుకులను ఎక్కించి దించాడో లెక్కలేదు. తాను మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. భయం. ఆ మాట దాచుకునేవాడు కూడా కాదు. "ఎక్కితే ఏమైతదన్నా?" అని ఆటపట్టిస్తే, "పడితే నువ్వు లేపుతవా?" అనేవాడు. బీడీలు చుట్టుకుంటూ ఆయన భార్య గంగాబాయి నవ్వేది. ఇంత పిరికి మనిషికి గుర్రాలతో పనేమిటని నాకు విసుగు కూడా వచ్చేది.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే దారిలో ఒక ఫాంహౌస్‌కు నేను మేనేజర్ని. బారాత్‌లకు అలంకరించిన కార్లు వచ్చాక బేరాలు పడిపోతే, ఆయన్నూ గుర్రం బిజిలీనీ మా సేటు జీతానికి పెట్టుకున్నాడు. ఆదివారం నుంచి పిల్లలకు స్వారీ మొదలుపెడదామని, ముందువైపు కొమ్ములాంటి పిడి ఉండే వెస్ట్రన్ జీను తెప్పించమన్నాడు. అందరికంటే ముందు ఎక్కేది మా తొమ్మిదేళ్ల పాప కృపాజ్యోతి. ఫొటో బాగుంటుందని నేనే ఒప్పుకున్నాను.

జీను ఎంచిందీ నేనే. షాపువాళ్లు ఫోన్లో సైజు అడిగితే, టేపుతో మా పాప నడుమూ తొడా కొలిచి పంపాను. శనివారం పొద్దున జీను వచ్చింది. రాజలింగన్న దాన్ని తిరగేసి, లోపలి చెక్కను అరచేత్తో తడిమాడు.

"కొలత ఎవలదిచ్చినవ్ సారూ?"

"పాపది."

"కూసునేటోళ్లది ఇచ్చినవ్. మోసేదాన్ది ఎవలియ్యాలె?"

నాకు ఒళ్లు మండింది. తీరా బిజిలీ మీద వేస్తే బాగానే కనిపించింది. దాని భుజం దగ్గర జీను కిందికి నా చెయ్యి సులువుగానే దూరింది. అదే చూపించాను.

"ఉత్తగుంటే దూరుతది. మనిషి కూసున్నంక చూడాలె," అన్నాడు. "చెక్క రెండు దిక్కుల నొక్కితే ఎంత సాధు గుర్రమైనా లేస్తది. పిట్లంల చూసిన. కిందవడ్డ పెండ్లికొడుకు మల్ల నడువలే."

"ఇంకో గొంగడి మడతేసి పెడ్దాం."

"చెప్పు ఇరుకైతే ఇంకో సాక్సు తొడుగుతవా?"

ఎవరో ఒకరు ఎక్కి చూడాలి. ఆయన నా వైపు చూశాడు. బరువెక్కువనీ నడుం నొప్పనీ ఏదో గొణిగాను. హెల్మెట్ పెట్టుకుని నిలబడ్డ మా పాప, "నేనెక్కుతా తాతా," అంది.

"ఆగు బిడ్డా," అని రాజలింగన్న చెప్పులు విడిచాడు.

రికాబులో కాలు పెట్టి రెండుసార్లు తీశాడు. ఎలాగో ఎక్కి, కొమ్మును రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"కళ్లెం గట్టిగ వట్టు సారూ. ఇడువకు. ఇగ చెయ్యి పెట్టి చూడు."

ఇందాక దూరిన చెయ్యి వేళ్ల దగ్గరే ఇరుక్కుంది. చెక్కకూ ఎముకకూ మధ్య నలిగి ప్రాణం పోయినంత పనైంది. ఆ బక్కమనిషి బరువుకే ఇంత. బిజిలీ చెవులు వెనక్కి వంచి, నడుము పైకెత్తి గిర్రున తిరిగింది. "పిల్ల జాగ్రత్త," అన్నాడాయన. నేను చెయ్యి లాక్కుని, పాపను ఎత్తుకుని షెడ్డులోకి పరుగెత్తి తలుపు వేశాను. అప్పుడు చూసుకుంటే కళ్లెం నా చేతిలో లేదు.

తలుపు సందులోంచి చూశాను. గుర్రం ఎగిరి పడుతోంది. ఆయన దాని మెడ మీదికి వాలిపోయి, "నిలువు తల్లీ, నిలువు," అని బతిమాలుతున్నాడు. పాప నన్ను బయటికి తోస్తూ ఏడుస్తోంది. నేను కదలలేదు. భయమంటే ఏమిటో ఆ తలుపు వెనక తెలిసింది నాకు.

చాలాసేపటికి బిజిలీ తనంతట తానే ఆగింది. దగ్గరికి వెళితే, "పిల్లకేం కాలే గద?" అన్నాడు. కొమ్ము మీద బిగుసుకుపోయిన ఆయన వేళ్లను ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.

సేటుకు ఫోన్ చేసి జీను పనికిరాదని చెప్పాను.

"ఎట్ల తెలిసింది?"

"రాజలింగన్న ఎక్కి చూసిండు సేట్. గుర్రం బెదిరింది."

"మరి కళ్లెం ఎవలు వట్టిన్రు?"

రాజలింగన్న పక్కనే గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అన్నీ వింటున్నాడు.

"నేనే," అన్నాను.