బాపుకు అందిన నాలుగో ఆల్బం

నాకిష్టమైన మెటల్ బ్యాండ్‌ను మా ఇంట్లో మొదట అర్థం చేసుకున్నది నేను కాదు, మా బాపు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని మనిషి. బోధన్ బస్టాండు వెనక రేకుల షెడ్డులో ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. చెరుకు గానుగలు తిప్పేవి, బావుల మీద నీళ్ళు తోడేవి, చుట్టుపక్కల ఏ ఇంజన్ మొరాయించినా ఆయన దగ్గరికే వచ్చేది.

తొంభైల్లో నేను నిజామాబాద్‌లో ఐటీఐ చదువుతుంటే హాస్టల్ మిత్రుడొకడు ఒక క్యాసెట్ ఇచ్చాడు. ఎక్కడో విదేశంలో ఐదుగురు కలిసి చేసిన మొదటి ఆల్బం. ఒక్కో పాట పది నిమిషాలు, అందులోనే నాలుగుసార్లు దారి మారుతుంది. బ్రహ్మాండమని అందరికీ చెప్పుకునేవాణ్ని గానీ, నిజానికి నాకు తల తిరిగేది. కాలితో తాళం వేయబోతే ప్రతిసారీ ఎక్కడో ఒక దెబ్బ తక్కువయ్యేది. చాటుగా ఎన్నిసార్లు ప్రయత్నించానో.

సెలవులకు వచ్చినప్పుడు షెడ్డులో ఆ క్యాసెట్ పెట్టాను. బాపు ఒక ఇంజన్ మీద వంగి ఉన్నాడు. ఇంజన్ లోపలి సంగతి తెలుసుకోవడానికి ఆయనదొక పద్ధతి. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇనుముకు ఆనించి, పిడిని చెవికి నొక్కి కళ్ళు మూసుకునేవాడు. ఏ బేరింగ్ అరిగిందో విప్పకుండానే చెప్పేసేవాడు. ఆ రోజు పాటను కాసేపు విని, చేతిలోని పాన పక్కన పెట్టి, బల్ల మీద వేలితో కొట్టడం మొదలుపెట్టాడు.

"గిండ్ల ఏం ఖరాబ్ లేదు బిడ్డా. నాలుగు కొట్టి మూడు కొడుతున్నరు. ఏడుకు ఒక చుట్టు. నువ్వు ఎనిమిది లెక్కవెడుతున్నవు."

నాలుగు, మూడు. నాలుగు, మూడు. నా కాలు మొదటిసారి పాటతో కలిసింది. సంతోషం పట్టలేక ఆ పాటే మూడుసార్లు వేశాను. బాపు విసుక్కోకుండా విన్నాడు.

అప్పటినుంచి కొత్త ఆల్బం వచ్చిందంటే ముందు షెడ్డులోనే మోగేది. రెండోదాంట్లో కీబోర్డులు కుమ్మరించారు. నేను మురిసిపోయాను. ఇంజన్ మంచిదే గానీ రంగు ఎక్కువేశారని తేల్చాడు బాపు. రెండు రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు నేను. మూడోదానికి పాడేవాడు మారాడు. నన్నడగకుండా మార్చడానికి వాళ్ళెవరని నేను మండిపడుతుంటే, గొంతు మారితే ఏమైంది, డ్రమ్ములు కొట్టేది పాతాయనే కదా అన్నాడు బాపు. రెండుసార్లూ ఆయన మాటే నిజమని ఒప్పుకోవడానికి నాకు ఏళ్ళు పట్టింది.

నాలుగోది వచ్చేసరికి ఇంజన్లు పోయి కరెంటు మోటార్లు వచ్చాయి. షెడ్డులో సగం నాకిచ్చాడు, కాలిన మోటార్లకు కొత్త రాగితీగ చుట్టే వైండింగ్ పని మొదలుపెట్టాను. ఎంతో ఆశపడి తెప్పించుకున్న ఆ ఆల్బం బరువుగా, నత్తనడక నడిచింది. ఒక్క పాట విని, వీళ్ళ పని అయిపోయిందని, క్యాసెట్‌ను కాలిన రాగితీగల డబ్బాలో పడేశాను. బాపుకు వినిపించను కూడా లేదు.

ఆ రోజుల్లోనే బాపు షెడ్డుకొచ్చే గిరాకీలను చెప్పిందే మళ్ళీ చెప్పమని ఒకటికి రెండుసార్లు అడగడం మొదలైంది. ఈ కాలం వాళ్ళు మాటలు నములుతున్నారని వాళ్ళనే తిట్టేవాడు. నేనూ అదే అనుకున్నాను. ఒక మధ్యాహ్నం మొదటి ఆల్బం మోగుతుండగా కరెంటు పోయింది. టేప్ ఆగింది. అటు తిరిగి కూర్చున్న బాపు మాత్రం ఇంకా తల ఊపుతూనే ఉన్నాడు. కాసేపటికి అన్నాడు.

"మంచిగున్నది బిడ్డా."

నా చేతిలో తీగ జారిపోయింది. ఎన్ని నెలలుగా నా కోసం అలా తల ఊపుతున్నాడో. ఆయన లెక్క చెబితేగానీ పాట వినడం చేతకాని వాణ్ని, ఆయనకు వినపడడం లేదని మాత్రం కనిపెట్టలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

నిజామాబాద్ డాక్టరు పోయిన వినికిడి తిరిగి రాదన్నాడు. చెవికి పెట్టుకునే మిషన్ ఇచ్చాడు. అది గుయ్యిమంటుందని బాపు రెండో రోజే సొరుగులో పడేశాడు. ఇక పాట పెడితే లేచి బయటికి పోయేవాడు. నేను ఒక్కణ్ణే వినలేక టేప్ మీద గుడ్డ కప్పేశాను.

వారం తర్వాత పొద్దున్నే ఆయన స్క్రూడ్రైవరే నాకు దారి చూపింది. దాని మొనను స్పీకర్ చెక్కకు ఆనించి, పిడిని ఆయన చెవికి పెట్టి, మొదటి ఆల్బం వేశాను. గీకినట్టుందని తల అడ్డంగా ఊపాడు. రెండోది, మూడోది కూడా అంతే. ఇంక ఏమీ మిగలక తీగల డబ్బా కుమ్మరించి, నాలుగో క్యాసెట్ వెతికి, దుమ్ము ఊది పెట్టాను.

బాపు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఆయన వేలు బల్ల మీద మెల్లగా లేచింది.

"ఐదు, ఆరు," అన్నాడు. "పదకొండుకు తిరుగుతున్నది. గిది నాకు వినిపియ్యనే లేదేంది?"

మెల్లగా ఉందని పడేశానని చెవి దగ్గర గట్టిగా చెప్పాను.

"మెల్లగుంటేనే నాకు అందుతున్నది బిడ్డా."

ఆ ఐదుగురూ ఎందుకు నెమ్మదించారో నాకు తెలియదు. వాళ్ళ అభిమానులు తిట్టే ఉంటారు, నేనూ తిట్టాను. ఇప్పటికీ ఆ ఆల్బం చేతికి తగిలితే వాళ్ళకు మనసులోనే దండం పెట్టుకుంటాను.

మొదటి వైపు అయిపోయి టేప్ టక్కున ఆగింది. బాపు స్క్రూడ్రైవర్ తీయకుండానే, రెండో చేత్తో తిప్పి పెట్టమని సైగ చేశాడు. ఆ రెండో వైపు నేనూ ఎన్నడూ వినలేదు. తిప్పి పెట్టి, లెక్క కోసం ఆయన వేలినే చూస్తూ కూర్చున్నాను.