బడి కంప్యూటర్‌ను ఒళ్ళో పెట్టుకుని సంగారెడ్డికి

ఊరి బడిలో కంప్యూటర్ ఆగిపోతే దాన్ని సంగారెడ్డికి పట్టుకుపోవాలనుకునే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను చదువుకున్నవాణ్ణి కాను. సంతకం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కుని చదువుతాను. అయినా రెండువేలు దాటిన కొత్తలో మా ఊరి బడి కమిటీకి చైర్మన్‌ని నేనే. మా ఊరు పటాన్‌చెరు నుంచి ఐదు కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. సర్కారు మా బడికి ఒక కంప్యూటర్ ఇచ్చింది, దాంతో పాటు పాఠాల సీడీలు. గుండె కొట్టుకోవడం, వాన పడడం, వాగు పారడం అన్నీ కదిలే బొమ్మల్లో కనిపించేవి. మొదటి రోజు నేనూ వెనక నిలబడి చూశాను. వాగు పాఠం వచ్చినప్పుడు ఏడో తరగతి పిల్ల ఒకతి లేచి, "టీచర్, గీ వాగుల నీళ్ళు గింత తెల్లగున్నయేంది? రంగు పోయిందా?" అని అడిగింది. ఎవరూ నవ్వలేదు. మా వాగు ఫ్యాక్టరీల కింద ఎర్రగా పారేది. ఆ పిల్లలు పుట్టినప్పటి నుంచి చూసింది ఆ రంగే. ఈ కంప్యూటర్ మా ఊళ్ళోనే ఉండాలని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

ఒక గురువారం దాని తెర నల్లబడింది. దాని లైట్లు వెలుగుతున్నాయి, లోపల ఫ్యాను తిరుగుతోంది, బొమ్మ మాత్రం రావడం లేదు. శనివారం విద్యాశాఖ ఆఫీసు వ్యాను వస్తుందని, పనిచేయని కంప్యూటర్లను వేరే బడికి తీసుకుపోతుందని అంతకుముందే కబురు వచ్చి ఉంది. మధ్యలో మిగిలింది శుక్రవారం ఒక్కటే. ఆఫీసువాళ్ళు చెప్పిన రిపేరు షాపు సంగారెడ్డిలో ఉంది. నేను పోతానన్నాను. కంప్యూటర్ పాఠాలు చెప్పే లలిత టీచర్ వాళ్ళది గుంటూరు వైపు నుంచి వచ్చి బీరంగూడలో స్థిరపడిన కుటుంబం. నేను తెరను దుప్పట్లో చుడుతుంటే ఆమె దగ్గరికి వచ్చింది.

"బాబాయిగారూ, కింద ఉన్న ఆ పెట్టె కూడా పట్టుకెళ్ళండి. పనంతా చేసేది అదేనండి."

"టీచరమ్మా, ముప్పై ఏండ్లు ఫ్యాక్టరీల మిషన్ల నడుమ తిరిగిన. ఏది ఖరాబైందో నాకు కనవడ్తలేదా? బొమ్మ రానిది దీంట్ల. నువ్వు పాఠం జెప్పుకో పో."

ఆమె క్లాసుకు వెళ్ళిపోయింది.

ఎనిమిది గంటలకు బయలుదేరాను. మా ఊరి నుంచి పటాన్‌చెరుకు షేర్ ఆటో, అప్పట్లో ఐదు రూపాయలు. ఆటో అతను దుప్పటి మూట వైపు చూసి, "టీవీ కొన్నవా, కాకా?" అన్నాడు.

"టీవీ గాదు. కంప్యూటర్."

"అయితే క్రికెట్ రాదన్నట్టు."

"పాఠాలొస్తయ్. నువ్వు సదువుకుంటే ఆటో తోలుతుంటివా?"

"నువ్వు సదువుకున్నవా మరి?" అని అద్దంలో నా మొహం చూసి నవ్వాడు. నేను రోడ్డు వైపు తిరిగాను.

పటాన్‌చెరు బస్టాండులో సంగారెడ్డి బస్సుకు ఎక్కువసేపు నిలబడే పని లేదు. ఫ్యాక్టరీల డ్యూటీ మారే సమయం తప్పించి ఎక్కితే సీటు కూడా దొరుకుతుంది. నేను మూటను పక్క సీట్లో పెట్టాను. కండక్టర్ వచ్చి, "దీనికి టికెట్ కొట్టాల్నా?" అన్నాడు. బడిది అన్నాను. "బడిదైనా గుడిదైనా, సీట్ల కూసుంటే టికెటే" అన్నాడు. ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ కాలపు తెరలు ఇప్పటిలా పలకలు కావు, వెనక పెద్ద కడుపు ఉండేది. ఇస్నాపూర్ దగ్గర అందరూ కిటికీలు మూశారు, ఘాటు వాసన మాత్రం లోపలికి వచ్చేసింది. రుద్రారం, కంది దాటేసరికి నా మోకాళ్ళు తిమ్మిరెక్కాయి. గంటకు పైగా పట్టింది.

షాపు పాత బస్టాండు దగ్గర సందులో, మెట్లెక్కితే పైన. రిపేరు చేసే అతనికి ముప్పై ఏళ్ళుంటాయి. తెరకు కరెంటు ఇచ్చాడు. అది వెంటనే వెలిగింది, ఏవో ఇంగ్లీషు అక్షరాలు అటూ ఇటూ కదిలాయి. "మంచిగనే ఉన్నది. డబ్బేది?" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. "పనిగాక ముందే పైసలడుగుతవా?"

అతను స్క్రూడ్రైవర్ కింద పెట్టి నవ్వాడు. "పైసలు గాదు తాతా, డబ్బా. కింద ఉండే పెట్టె. గిది మొకమే. మెదడు బళ్ళె ఇడిసిపెట్టి వచ్చినవ్."

నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. పాపం, తరువాత మంచిగానే చెప్పాడు. బల్ల మీద నుంచి వేలంత పట్టీ ఒకటి తీసి చూపించాడు. "డబ్బాల గిసొంటి పట్టీ ఉంటది. దుమ్ము పడితే బొమ్మ రాదు. కరెంటు తీసేసి, పట్టీ ఊడదీసి, గీ పసుపు అంచును పిల్లల పెన్సిల్ రబ్బరుతోని తుడిచి మళ్ళా పెట్టుండ్రి. శానా సార్లు గంతే ఉంటది. కాకపోతే రేపు పొద్దుగాల డబ్బా తీస్కరా, నేను సూస్త."

వచ్చేటప్పుడు ఇస్నాపూర్ దగ్గర ట్యాంకర్లు అడ్డం తిరిగి రెండు గంటలు ఆగిపోయాం. ఆ రెండు గంటలూ టీచరమ్మకు చెప్పాల్సిన మాటే లోపల అనుకుంటూ ఉన్నాను. రబ్బరుతో తుడవాలట. అంతే.

నాలుగున్నరకు బడి ముందు ఆటో దిగాను. ఎదురుగా ఛాయ్ హోటల్ బెంచీ మీద నలుగురు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో నా ఈడువాడు ఒకడు, "ఏం చైర్మన్ సాబ్, దానికి సంగారెడ్డంత సూపెట్టుకొచ్చినవా?" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వులు విని లలిత టీచర్ గేటు దాకా వచ్చింది.

"ఏమన్నారండీ? పెట్టె అక్కర్లేదన్నారా?"

ఆమె ఎగతాళిగా అడగలేదు. కానీ బెంచీ మీద వాళ్ళు వింటున్నారు. "ఖరాబైంది. ఇగ పనికిరాదన్నడు" అన్నాను.

"మొత్తమేనా బాబాయిగారూ?"

"మొత్తమే."

సరేనండి అని లోపలికి పోయి, రిజిస్టరులో పనిచేయదని రాసింది.

శనివారం పది గంటలకు వ్యాను వచ్చింది. ఇద్దరు మనుషులు తెర, డబ్బా, సీడీల అట్టపెట్టె అన్నీ ఎక్కించారు. వాగు నీళ్ళ గురించి అడిగిన పిల్ల కీబోర్డును రెండు చేతులా పట్టుకొచ్చి వాళ్ళకు అందించింది. "తాతా, మళ్ళా ఎప్పుడు తెస్తరు?" అని నన్నడిగింది. తెస్తరు బిడ్డా అన్నాను. అప్పుడైనా నోరు విప్పి ఉంటే ఐదు నిమిషాల పని. వ్యాను మలుపు తిరిగేదాకా నిలబడే ఉన్నాను, విప్పలేదు. మళ్ళీ ఎవరూ తేలేదు. ఆ గదిలో మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు పెట్టారు. వాగు పాఠం వచ్చినప్పుడు టీచర్ నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసింది. సుద్దతో గీస్తే ఏ వాగైనా తెల్లగానే ఉంటుంది.

లలిత టీచర్ తరువాత బదిలీ మీద వెళ్ళిపోయింది. ఆమెకు చెప్పలేదు, ఇంట్లోనూ చెప్పలేదు. ఇప్పుడు మనవరాలు టైపు చేస్తుంటే చెబుతున్నాను, తను మధ్యలో ఆగి నా మొహం చూసింది. ముప్పై ఏళ్ళ నౌకరీలో ఒక నట్టు కూడా జేబులో వేసుకోని మనిషినని ఊరంతా చెప్పుకునేవాణ్ణి. ఆ పిల్లల దగ్గర మాత్రం ఒక వాగును దాచేశాను. ఆ కంప్యూటర్ ఇంకో బడిలో వెలిగిందో లేదో నాకు తెలియదు. అడిగితే నా సంగతి బయటపడుతుందని అడగలేదు.

ప్రయాణం పెట్టుకునేవాళ్ళకు నేను చెప్పగలిగేది ఒకటే. తెర బడిలోనే ఉంచి, కింద ఉన్న డబ్బా పట్టుకుపోండి. అంతకంటే ముందు కరెంటు తీసి, తెలిసినవాళ్ళ చేత ఆ పట్టీ ఊడదీయించి, రబ్బరుతో తుడిపించి చూడండి. రబ్బరు కోసం సంగారెడ్డి దాకా పోనక్కర్లేదు. బళ్ళో ఏ పిల్ల కంపాసు బాక్సు తెరిచినా ఉంటుంది.