ఊరగాయ సీసాతో కె.ఆర్.పురం దాకా

రెండువేల ఆరులో, వానలకు కట్టడం పని నిలిచిపోయిన రోజులవి. నాకూ, హెబ్బగోడిలో మా పక్క గది ఓబులమ్మక్కకూ బి.పి. ఖాళీ కడుపున మాత్ర మింగితే కళ్ళు తిరిగేవి. తిండి లేని రోజు మాత్రా మానేసేవాళ్ళం. ఇది తెలిసి కె.ఆర్.పురంలోని ఒక ధర్మాసుపత్రి వాళ్ళు అంతకు ముందు నెల ఇద్దరికీ రాగిపిండి, కందిపప్పు, అలసందలు పోసిన సంచులిచ్చారు. రెండో సంచి కోసమే ఈ ప్రయాణం.

ఉదయం ఆరున్నరకు బస్సెక్కాం. సిల్కుబోర్డు దగ్గర రెండో బస్సు బోర్డు నేనే చదివాను. యాభై దాటాక నేర్చుకున్న అక్షరాలు మరి! సీట్లు దొరికాక అక్క అసలు భయం బయటపెట్టింది.

“సంచి బి.పి. ఉండేవాళ్ళకే కదమ్మే. తగ్గిందనుకో, సంచీ పాయె!”

నెలంతా సంగటి తిని మాత్రలు వేసుకున్నాం. తగ్గే ఉంటుంది. దాన్ని మళ్ళీ ఎక్కించాలనుకున్నాం. ఆ పూట మాత్ర మానేశాం. అక్క మామిడికాయ ఊరగాయ సీసా తీసింది. అన్నం లేకుండా చెరి నాలుగు బద్దలు నమిలాం. అది చాలదని కోపం కూడా తెచ్చుకుందామంది.

“నా బక్కెట్టు పగలగొట్టింది నువ్వే!”

“అది ముందే ఓటి బక్కెట్టు!” అన్నాను.

ఇద్దరికీ నవ్వొచ్చింది. లాభం లేదని అక్క కండక్టరు మీద పడింది.

“ఏమప్పా, బస్సు తోలతాండారా, ఎద్దులబండా?”

“ట్రాఫిక్ నేను పెట్టినానా అజ్జీ? దిగి నడిచి పోండి!”

అవ్వను పట్టుకుని అంత మాట అనేసరికి అక్క ముఖం ఎర్రబడింది. “ఎక్కతాండాది, ఎక్కతాండాది!” అని సంబరంగా నా చేయి నొక్కింది.

తొమ్మిదికి ఆసుపత్రి చేరాం. పట్టీ కట్టి చూసిన నర్సమ్మ కంగారుపడింది. ఊరగాయ వాసన మా నోళ్ళలోనే ఉంది కాబట్టి నిజం ఒప్పుకున్నాను.

“అయ్యో! సంచి బి.పి.ని చూసి ఇచ్చేది కాదమ్మా, పొయ్యిని చూసి. పని దొరికేదాకా ఇస్తాము. బి.పి. తగ్గితే మాకే సంతోషం!”

ఉప్పులేని రాగి జావ తాగించి, మాత్ర వేసి, మధ్యాహ్నం దాకా పడుకోబెట్టి, మళ్ళీ చూసి సంచులతో పంపారు.

తిరుగు బస్సులోనూ అదే కండక్టరు. సంచులు పెట్టుకోవడానికి చోటు చూపించాడు. అక్క సీసా చాపింది.

“తీసుకో నాయనా, పొద్దున ఊరికే తిట్టినా.”

అతను మూత తీసి, కళ్ళు మూసుకుని వాసన పీల్చి, మళ్ళీ మూత బిగించాడు.

“వద్దు అజ్జీ. నాకూ బి.పి. ఉండాది.”

ఆ ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళకు నా మాట: మాత్ర మానకండి, పొయ్యి వెలగకపోతే ఆ మాటే చెప్పండి, కండక్టరుతో పోట్లాట అక్కర్లేదు. మా ఊరగాయ సీసా మాత్రం ఎవరికీ పనికిరాక, టిక్కెట్టు లేకుండా హెబ్బగోడికి తిరిగొచ్చింది.